లెక్కకు అందిన సుబ్బారావు, అందని సుబ్బారావు

"ఎన్ని సైటేషన్లు ఉంటే సరిపోతుంది ఆంటీ?"

ఇక్కడి మన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. నేను మసాచుసెట్స్‌లో ఒక వైద్య కళాశాల గ్రంథాలయంలో పనిచేస్తాను. ఒక పరిశోధకుడి పేపర్లను తర్వాత ఎవరెవరు, ఎక్కడెక్కడ ప్రస్తావించారో వెతికి పట్టిక చేసి ఇవ్వడం నా ఉద్యోగంలో ఒక భాగం. ప్రమోషన్ కోసం ప్రొఫెసర్లు అడుగుతారు. మనవాళ్ళు గ్రీన్‌కార్డు కోసం అడుగుతారు. పోస్ట్‌డాక్‌గా వచ్చిన అబ్బాయో అమ్మాయో ఈబీ-1 కింద గానీ, నేషనల్ ఇంటరెస్ట్ వేవర్ కింద గానీ దరఖాస్తు పెట్టుకుంటే, తన పరిశోధన ఎంతమందికి పనికొచ్చిందో ఇమ్మిగ్రేషన్ అధికారికి రుజువు చూపాలి. ఆ అధికారి బయోకెమిస్ట్రీ చదువుకుని ఉండడు. అందుకని లాయర్లు ముందుగా సైటేషన్ల సంఖ్య అడుగుతారు. రాత్రి పడుకునే ముందు గూగుల్ స్కాలర్ తెరిచి తమ అంకె పెరిగిందో లేదో చూసుకునే పిల్లలు నాకు తెలుసు. వాళ్ళ బెంగ చూస్తే నాకు కడుపులో దేవినట్టుంటుంది.

వాళ్ళకు నేను యల్లాప్రగడ సుబ్బారావు గారి పేపర్ల సంగతి చెబుతాను. మాది పాలకొల్లు. పక్కనున్న భీమవరంలో పుట్టిన మనిషి మీద అభిమానం ఉండడం సహజం, దాచుకోను. కానీ ఆయన పేరెత్తేది అందుకు కాదు. సైటేషన్ల లెక్క ఒక శాస్త్రజ్ఞుడి గురించి ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో ఇంత స్పష్టంగా చూపించే జీవితం నాకు మరొకటి కనబడలేదు.

ముందు ఈ లెక్క ఎక్కడిదో చెబుతాను. ప్రతి పేపరు చివరా రచయితలు తాము ఆధారపడ్డ పాత పేపర్ల జాబితా ఇస్తారు. ఆ జాబితాలో మీ పేపరు ఉంటే అది మీకొక సైటేషన్. ఒక పేపరు దేని మీద ఆధారపడిందో తెలుసుకోవడం తేలిక, చివరి పేజీ తిప్పితే చాలు. దాని మీద తర్వాత ఎవరు ఆధారపడ్డారో తెలుసుకోవడమే కష్టం. అమెరికా లాయర్లకు 1873 నుంచీ అలాంటి ఏర్పాటు ఉంది. ఒక పాత తీర్పును తర్వాతి తీర్పులు ఎక్కడ సమర్థించాయో, ఎక్కడ కొట్టేశాయో చూపించే షెపర్డ్స్ సైటేషన్స్ అనే సూచిక అది. దాన్ని చూసి యూజీన్ గార్ఫీల్డ్, సైన్సుకు కూడా అలాంటిది ఉండాలని 1955లో 'సైన్స్' పత్రికలో ప్రతిపాదించారు. 1960లలో ఫిలడెల్ఫియాలోని తన సంస్థ నుంచి సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తీసుకొచ్చారు. ఒక ఆలోచన ఎటు ప్రయాణించిందో వెతుక్కోవడానికి పుట్టిన పనిముట్టు అది. మనుషులకు మార్కులు వెయ్యడానికి వాడడం తర్వాత మొదలైంది.

ఆ సూచికలోంచి గార్ఫీల్డ్ అప్పుడప్పుడూ అత్యధిక సైటేషన్లు పొందిన పేపర్ల జాబితాలు ప్రచురించేవారు. వాటిలో 1925 నాటి పేపరు ఒకటుంది. 'జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ' 66వ సంపుటం, 375వ పేజీ నుంచి 400 దాకా. పేరు 'ద కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్'. రచయితలు సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు. అచ్చయి ముప్పై, నలభై ఏళ్ళు దాటాక కూడా దాన్ని ఏటా వందలమంది ప్రస్తావిస్తూ వచ్చారు. మొత్తం సైటేషన్లు వేలల్లోకి వెళ్ళాయి.

ఆ 26 పేజీల్లో ఏముందో విప్పి చెప్పాలి.

రక్తంలో, మూత్రంలో, కండరంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవాలి. ఎముక జబ్బులకు, మూత్రపిండాల జబ్బులకు అది ముఖ్యమైన ఆధారం. పెద్దవాళ్ళ రక్తంలో అది డెసిలీటరుకు సుమారు రెండున్నర నుంచి నాలుగున్నర మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. అంత తక్కువ మోతాదును తక్కెడలో తూచలేం. అందుకే రంగుగా మార్చి కొలుస్తారు. ముందు నమూనాలోని ప్రొటీన్లను ఆమ్లంతో విరిచి వడకడతారు. వడకట్టిన ద్రవంలో అమ్మోనియం మాలిబ్డేట్ పోస్తే అది ఆమ్లంలో ఫాస్ఫేటుతో కలిసి ఒక సంయోగ పదార్థమవుతుంది. దానికి క్షయకరణం చేసే రసాయనం చేర్చితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కగా ఉంటుంది. ఎంత ఫాస్ఫేట్ ఉందో ముందే తెలిసిన మరో ద్రావణం పక్కన పెట్టి, డుబోస్క్ కలరీమీటర్ అనే పరికరంలో రెండు రంగులనూ కంటితో సరిపోల్చి లెక్క కడతారు.

ఈ దారి వాళ్ళకంటే ముందే ఉంది. బెల్, డోయిజీ అనే ఇద్దరు 1920లో ఇలాంటి పద్ధతే ప్రచురించారు. చిక్కల్లా రంగు దగ్గరే. వాళ్ళు వాడిన హైడ్రోక్వినోన్‌తో వచ్చే నీలం నిలిచేది కాదు, నమూనాలోని ఇతర పదార్థాలు అడ్డుపడేవి. ఫిస్కే, సుబ్బారావు దాని బదులు అమైనోనాఫ్తాల్‌సల్ఫోనిక్ ఆమ్లం వాడారు. రంగు త్వరగా వచ్చింది, నిలకడగా ఉంది, కొలత నమ్మదగ్గదైంది. ఏ పదార్థం ఎంత ఉంటే ఎంత తేడా వస్తుందో, ఎక్కడ పొరపాటు జరగవచ్చో అన్నీ ఓపిగ్గా పరీక్షించి రాశారు. ప్రపంచంలో ఏ మూల ల్యాబులో ఉన్న విద్యార్థి అయినా ఆ పేజీలు ముందు పెట్టుకుని పద్ధతిని మళ్ళీ చెయ్యగలడు. అందుకే వాడారు. వాడిన ప్రతివాళ్ళూ పేరు రాశారు. 1959లో బార్ట్‌లెట్ అనే ఆయన కణాల పొరల్లోని కొవ్వు పదార్థాలను కొలవడానికి దీన్నే మార్చి ఒక పద్ధతి రాస్తే, ఆ పేపరు కూడా ఎంతో పేరు తెచ్చుకుంది. ఈనాటికీ రసాయనాల కంపెనీల జాబితాలో 'ఫిస్కే అండ్ సుబ్బారావు రెడ్యూసర్' అన్న పేరుతో సీసా దొరుకుతుంది. ఆసుపత్రుల్లోని ఆటోమేటిక్ యంత్రాలు ఇప్పుడు చాలావరకు నీలిరంగు దాకా పోకుండా మాలిబ్డేట్ దశలోనే అతినీలలోహిత కాంతితో కొలిచేస్తాయి.

ఈ పని చేసేనాటికి సుబ్బారావు గారు బోస్టన్‌కు వచ్చి మూడేళ్ళు. 1895 జనవరి 12న పుట్టారు. అన్నదమ్ముల్లో ఇద్దరు రోజుల తేడాతో స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం క్షీణించి మనిషిని తినేసే పేగు జబ్బు అది. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతూ ఖద్దరు గౌనుతో ఆపరేషన్ గదికి వెళ్ళడం తెల్లదొర ప్రొఫెసరుకు నచ్చలేదు. ఆ తర్వాత చేతికి ఎంబీబీఎస్ రాలేదు, దానికంటే తక్కువ స్థాయి అయిన ఎల్ఎంఎస్ పట్టా మాత్రమే దక్కింది. మామగారి సాయంతో, కాకినాడ మల్లాది సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయంతో 1922 అక్టోబరులో హార్వర్డ్ ఉష్ణమండల వైద్య విభాగానికి వచ్చారు. ఆ ఎల్ఎంఎస్‌తో ఇక్కడ డాక్టరుగా పని దొరకదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే ఉద్యోగం చేశారు. డిప్లొమా అయ్యాక ఒట్టో ఫోలిన్ నడుపుతున్న జీవరసాయన విభాగంలో ఫిస్కే దగ్గర చేరారు.

ఆ పద్ధతి వాళ్ళ చేతుల్లోనే తర్వాత ఒక పెద్ద రహస్యాన్ని బయటపెట్టింది. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. కండరం నుంచి తీసిన ద్రవంతో పరీక్ష చేస్తే నీలిరంగు అనుకున్నట్టు ఒక్కసారిగా రాలేదు. మెల్లమెల్లగా చిక్కబడుతూ పోయింది. పద్ధతిలో లోపమని సర్దుకుపోవచ్చు. వాళ్ళు సర్దుకుపోలేదు. ఫాస్ఫేట్ ఏదో పదార్థంలో బంధించి ఉందనీ, పరీక్షలోని ఆమ్లంలో ఆ బంధం కొద్దికొద్దిగా తెగి ఫాస్ఫేట్ బయటికి వస్తోందనీ, అందుకే రంగు అలా పెరుగుతోందనీ పట్టుకున్నారు. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో 'సైన్స్' పత్రికలో రాశారు. పిల్లి కండరాన్ని విద్యుత్తుతో పనిచేయిస్తే అది తగ్గుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్ళీ నిండుతుంది. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందన్న సిద్ధాంతానికి అప్పటికే హిల్, మయర్‌హోఫ్‌లకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సిద్ధాంతం కదలడం ఇక్కడి నుంచే మొదలైంది. లండన్‌లో ఎగల్టన్ దంపతులు కూడా అదే సమయంలో ఆ పదార్థాన్ని గమనించారు. అందులో ఉన్నది క్రియాటిన్ అని తేల్చింది మాత్రం ఫిస్కే, సుబ్బారావే.

1929లో ఏటీపీ. మన ఒంట్లో ప్రతి కణమూ శక్తికి వాడుకునే పదార్థం. జర్మనీలో కార్ల్ లోమన్ ఆగస్టులో ప్రచురించారు, ఫిస్కే, సుబ్బారావుల పేపరు అక్టోబరులో వచ్చింది. రెండు చోట్లా స్వతంత్రంగా జరిగిన పని.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఏటీపీ గురించి రాసే ఏ పరిశోధకుడైనా ఇవాళ 1929 పేపరును ప్రస్తావిస్తాడా? అవసరం లేదు. అది పదో తరగతి పుస్తకంలోకి వెళ్ళిపోయింది. ఒక విషయం అందరికీ ఎంత తెలిసిపోతే దాన్ని కనుక్కున్నవాళ్ళ పేరు అంత త్వరగా జారిపోతుంది. రాబర్ట్ మెర్టన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఈ సంగతిని ప్రత్యేకంగా గుర్తించి రాశారు. పద్ధతి చెప్పిన పేపరు అలా కాదు. వాడిన ప్రతిసారీ, ఎలా కొలిచారో చెప్పడానికి, దాని పేరు రాయాల్సిందే. అందుకే జాబితాల్లో పై వరుసలన్నీ పద్ధతులవే. 2014లో 'నేచర్' పత్రిక అత్యధిక సైటేషన్ల మొదటి వంద పేపర్లను లెక్కతీస్తే, మొదటి స్థానం ప్రొటీన్లను కొలిచే పద్ధతిని వివరించిన ఆలివర్ లౌరీ 1951 పేపరుకు దక్కింది. అప్పటికే 3 లక్షలకు పైగా సైటేషన్లు. డీఎన్ఏ జంట మెలిక నిర్మాణం చెప్పిన 1953 పేపరు ఆ వందలో లేదు. లౌరీ వాడిన రసాయనం ఫోలిన్ రీయేజెంట్. సుబ్బారావు గారు పనిచేసిన విభాగానికి అధిపతి అయిన ఆ ఫోలినే. ప్రపంచమంతా దశాబ్దాలపాటు ప్రొటీన్‌నూ ఫాస్ఫరస్‌నూ కొలవడానికి వాడుకున్న రెండు నీలిరంగులూ ఒకే విభాగం నుంచి వచ్చాయి.

1930లో సుబ్బారావు గారికి పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ లాబొరేటరీస్‌లో చేరి పరిశోధనకు నాయకుడయ్యారు. ఎనిమిదేళ్ళలో అక్కడ జరిగిన పని చదివితే ఈనాటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

బొంబాయిలో లూసీ విల్స్ గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతుందని 1931లో చూపించారు. అందులో ఉన్నదేమిటో తేలలేదు. లెడర్లీ బృందం కాలేయం నుంచి ఆ పదార్థాన్ని స్ఫటికాలుగా తీసి, నిర్మాణం తేల్చి, 1945లో కృత్రిమంగా తయారు చేసింది. అదే ఫోలిక్ ఆమ్లం. ఆ వెంటనే అమెరికా దక్షిణాది డాక్టరు టామ్ స్పైస్ దాన్ని రక్తహీనతకు, స్ప్రూకు వాడి ఫలితం చూపారు. అన్నదమ్ములను బలిగొన్న జబ్బుకు మందు ఆయన నడిపించిన బృందం చేతిమీదుగా వచ్చింది. ఇక ఆ పేపర్ల మీద పేర్లు చూడండి. యాంజియర్, బూత్, హచింగ్స్, మోవాట్, సెంబ్, స్టోక్‌స్టాడ్, సుబ్బారావు, వాలర్... అక్షర క్రమం. బృందానికి దారి చూపిన మనిషి ఇంగ్లీషు 'ఎస్' దగ్గర ఎక్కడో ఉంటాడు. ఎవరైనా ఆ పేపరును ప్రస్తావిస్తే 'యాంజియర్, తదితరులు' అని రాస్తారు. ఆ 'తదితరుల్లో' సుబ్బారావు గారు ఉన్నారు.

ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూ దాని పనిని అడ్డుకునే పదార్థాలనూ ఆ బృందమే తయారు చేసింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకటైన అమైనోప్టెరిన్‌ను రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించింది. 1948 జూన్‌లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్'లో వచ్చిన ఆ పేపరు క్యాన్సర్ కీమోథెరపీ చరిత్రలో పునాదిరాయి. దాని రచయితల్లో సుబ్బారావు గారి పేరు లేదు, ఉండాల్సిన పనీ లేదు. అది వైద్యుల పేపరు. అమైనోప్టెరిన్ తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను కీళ్ళవాతానికి వారానికొకసారి వేసుకునే పెద్దమ్మలు మన ఇళ్ళలో ఎంతమందో. దుష్ఫలితాలు తగ్గడానికి డాక్టరు దానితోపాటు ఫోలిక్ ఆమ్లం బిళ్ళ కూడా రాస్తాడు. ఆ రెండు బిళ్ళల మూలాలూ పెర్ల్ రివర్‌లోనే ఉన్నాయి.

బోదకాలు మందు హెట్రజాన్ 1947లో. గోదావరి జిల్లాల్లో దాని విలువ ఒకరు చెప్పనక్కర్లేదు, మా వీధిలోనే బోదకాళ్ళవాళ్ళు ఉండేవారు. ప్రభుత్వం ఊళ్ళల్లో ఇంటింటికీ పంచిన డీఈసీ బిళ్ళ అదే. పేపరులో మొదటి పేరు హ్యూయిట్, చివరి పేరు సుబ్బారావు. తొలి టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్ ఆరియోమైసిన్‌ను లెడర్లీలోనే బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ మట్టిలోంచి తీశారు. 1948 జులైలో దాన్ని లోకానికి ప్రకటించారు. ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే పోయారు. 53 ఏళ్ళు.

వీటికి సైటేషన్లు ఎక్కడ వెతకాలి? అమెరికాలో 1998 నుంచి 'ఎన్‌రిచ్డ్' అని అమ్మే గోధుమపిండిలో, బ్రెడ్డులో ఫోలిక్ ఆమ్లం కలపడం తప్పనిసరి. పుట్టబోయే పిల్లల వెన్నుపాము లోపాలను నివారించడానికి. దుకాణంలో అలాంటి ఏ పిండి సంచి వెనక చూసినా ఫోలిక్ ఆమ్లం మాట ఉంటుంది. అది సైటేషన్ కాదు, ఏ సూచికా దాన్ని లెక్కపెట్టదు.

లెక్కలోకి ఎక్కకుండా ఆగిపోయిన పని మరోటి ఉంది. జార్జి హిచింగ్స్ హార్వర్డ్‌లో ఫిస్కే, సుబ్బారావుల దగ్గర పనిచేసి 1933లో పీహెచ్‌డీ తీసుకున్నారు, 1988లో నోబెల్ పొందారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఫిస్కే అసూయతో బయటికి రానివ్వలేదనీ, అందువల్ల ఇతరులు వాటిని ఏళ్ళ తర్వాత మళ్ళీ కనుక్కోవాల్సి వచ్చిందనీ ఆయన అన్నట్టు సుబ్బారావు గారి జీవితం గురించి రాసినవాళ్ళు నమోదు చేశారు. అచ్చుకాని పేపరుకు సైటేషన్ ఉండదు. ల్యాబులో పెద్దవాళ్ళు అడ్డం పడ్డ పని ఏ డేటాబేసులోనూ ఖాళీగానైనా కనబడదు. ఈ మాట చెప్పేటప్పుడు నా ఎదుట కూర్చున్న పిల్లలు మౌనంగా అయిపోతారు. వాళ్ళలో కొందరికి అది పాత కథ కాదని నాకు అర్థమవుతుంది.

వాళ్ళు హెచ్-ఇండెక్స్ అడుగుతారు. శాన్ డియాగోలోని భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో చెప్పిన కొలత అది. పది పేపర్లకు ఒక్కొక్కదానికి కనీసం పదేసి సైటేషన్లు ఉంటే మీ సూచిక పది. ఒక్క పేపరుకు పదివేలు వచ్చినా అది ఆ సూచికను ఒక్కటికి మించి పెంచలేదు. 1925 పేపరును ఈ కొలతలో పెట్టి చూడండి, ఏమవుతుందో. పైగా రంగానికీ రంగానికీ పోలిక లేదు. క్యాన్సర్ మీద పనిచేసే వేలమంది ఒకరినొకరు ప్రస్తావించుకుంటారు. అరుదైన పరాన్నజీవి మీద పనిచేసే అమ్మాయిని ప్రస్తావించేవాళ్ళే పదిమంది ఉంటారు.

అందుకని ఇప్పుడు నేను చేసిచ్చే నివేదికలో మొత్తం సంఖ్య రెండో పేజీకి పోయింది. సంఖ్య వద్దని నేననను, లాయరుకు అది కావాలి. మొదటి పేజీలో మాత్రం, ఆ పేపరును ప్రస్తావించినవాళ్ళు దానితో ఏం చేశారో రాస్తాను. ప్రతి సైటేషన్ దగ్గరికీ వెళ్ళి ఆ వాక్యం చదవాలి. మర్యాదకు పేరు చెప్పి దాటిపోయారా, పద్ధతిని తీసుకుని వాడారా, తప్పని కొట్టేశారా, దాని మీద కొత్త పరీక్ష కట్టారా? ఇది ఓపిక కావాల్సిన పని. ఈ మధ్య ఒకమ్మాయికి చేసినప్పుడు, చాలా తక్కువ సైటేషన్లలో ఒకటి వేరే దేశంలోని ఆసుపత్రి ల్యాబుది అని తేలింది. ఆమె రాసిన కొలత పద్ధతిని వాళ్ళు రోగుల నమూనాల మీద రోజూ వాడుతున్నారు. "ఇది నాకే తెలియదు ఆంటీ" అంది. లాయరు దాన్నే ఉత్తరంలో మొదటి పేరాగా పెట్టాడు.

రెండో సంగతి, పేపరులో ఎవరు ఏం చేశారో రాయించుకోమని గట్టిగా చెబుతాను. ఇప్పుడు చాలా పత్రికలు 'క్రెడిట్' అనే పద్ధతిలో 14 రకాల పాత్రలు ఇచ్చి, ఆలోచన ఎవరిది, ప్రయోగం ఎవరిది, లెక్కలు ఎవరివి, పర్యవేక్షణ ఎవరిదని అడుగుతున్నాయి. పేపరు పంపే ముందురోజు హడావుడిలో ఎవరో ఒకరు నింపేస్తారు. ఆ పని ఎవరికీ వదలొద్దు, మీ పేరెదురుగా ఏం రాశారో కూర్చుని చూసుకోండి అంటాను. ఫోలిక్ ఆమ్లం పేపర్లు అచ్చయిన 1945, 46ల్లో పత్రికలు ఆ ప్రశ్న అడిగేవి కావు.